ఫౌండేషన్, హైలైటర్ మీకు నప్పేవో కాదో తేల్చుకోవడం ఎలా: షాపు అద్దం నుంచి సాయంత్రం చెమట దాకా

షాపు అద్దంలో బాగా కనిపించని ఫౌండేషన్‌ను ఇంతవరకూ నేను చూడలేదు. ఏసీ చల్లగా ఉంటుంది, అద్దం చుట్టూ దీపాలుంటాయి, పక్కన నిలబడ్డ అమ్మాయి "భలే సెట్ అయింది మేడమ్" అంటూ ఉంటుంది. బిల్లు కట్టి, ఆటోలో కూర్చుని, ఫోన్ కెమెరా తెరిచాక గానీ అసలు సంగతి తెలియదు.

నా మొదటి ఫౌండేషన్ మా పిన్ని కూతురి పెళ్లి కోసం కొన్నాను. "పెళ్లి కదా, ఒక షేడ్ పైకి వెళ్దాం, బ్రైట్‌గా ఉంటుంది" అన్నారు కౌంటర్‌లో. ఒకటి కాదు, రెండు షేడ్లు పైకి వెళ్లాం. ఆల్బమ్ వచ్చాక మా పెద్దమ్మ పేజీ తిప్పుతూ "ఈ పిల్లెవరే, సున్నం బానలో తల పెట్టినట్టుంది" అంది. చెవులు నా రంగులోనే ఉన్నాయి, మెడా నా రంగులోనే ఉంది, మధ్యలో ముఖం మాత్రం ఎవరిదో.

అప్పట్నుంచి డబ్బులు పోసి, ముఖం పాడుచేసుకుని, చెల్లెళ్ల ముఖాల మీద కూడా ప్రయోగాలు చేసి నేర్చుకున్న పద్ధతి ఇది, ముఖం రంగు సమం చేసే ఫౌండేషన్‌కీ, చెంపల మీద మెరుపు తెచ్చే హైలైటర్‌కీ. పూర్తిగా చెయ్యాలంటే షాపుకి ఒక పగటిపూట, చర్మానికి పడుతుందో లేదో చూడటానికి రెండు రోజులు, ఒక నిండు పగలు, ఆ తర్వాత మూడు రోజుల ఓపిక కావాలి. షాపులో మొదటి పది నిమిషాల్లో కనిపించినదాన్ని బట్టి మాత్రం ఏమీ తేల్చకండి.

1. ముందు, ఏమీ రాయని ముఖం

పొద్దున్నే ముఖం కడుక్కుని గంటసేపు అలాగే వదిలేయండి. తర్వాత పలుచని టిష్యూని నుదురు, ముక్కు, బుగ్గలు, గడ్డం మీద విడివిడిగా అద్ది చూడండి. జిడ్డు ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో ఆ కాగితమే చెబుతుంది. చాలామందికి నుదురు, ముక్కు జిడ్డుగా ఉంటే, నోటి చుట్టూ పొడిగా ఉంటుంది. "నాది ఆయిలీ స్కిన్" అని ఒక్క మాటలో తేల్చేసి మెరుపు లేకుండా ఆరే గట్టి మ్యాట్ ఫౌండేషన్ కొంటే, నోటి పక్కన అది పెచ్చులు కట్టి కనిపిస్తుంది. తప్పంతా ఫౌండేషన్‌దే అనుకుంటాం.

ఇప్పుడు చేతి అద్దం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లండి. ఎండ నేరుగా పడకూడదు, వెలుగు మాత్రం బాగా ఉండాలి. ముఖం, మెడ, మెడ కింద ఛాతీ పైభాగం, ఈ మూడింటినీ పోల్చి చూడండి. మనలో ఈ మూడూ ఒకే రంగులో ఉన్నవాళ్లు తక్కువ. నుదురు ఎండకి కమిలి ఉంటుంది, బుగ్గల మీద మంగు ఉండొచ్చు, పెదవుల చుట్టూ ఒక ఛాయ ముదురుగా ఉంటుంది. మరి ఫౌండేషన్ దేనికి కలవాలి? నేనైతే మెడకి కలుపుతాను. మెడ బాగా నల్లబడి ఉంటే ఛాతీ పైభాగానికి కలుపుతాను, ఎందుకంటే చీర కట్టినా చుడీదార్ వేసినా ఫోటోలో ముఖం పక్కనే కనపడేది అదే.

పసుపు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ముఖానికి పసుపు రాసుకునే అలవాటుంటే, లేదా నలుగు పెట్టించుకుని ఒకటి రెండు రోజులే అయితే, చర్మం మీద ఆ పచ్చదనం ఇంకా ఉంటుంది. ఆ రోజు చూసిన షేడ్ తర్వాతి వారం కలవదు. పెళ్లికూతుర్ని చేసిన మర్నాడు షేడ్ వెతుక్కుంటూ షాపుకి వెళ్లడం కంటే పొరపాటు ఇంకోటి లేదు. ఫేషియల్, బ్లీచ్ చేయించుకున్న రోజూ అంతే. పెళ్లి మేకప్ ట్రయల్ అయితే పసుపు కార్యక్రమాలు మొదలవకముందే, కనీసం ఒక వారం ముందు పెట్టుకోండి.

2. ఛాయ వేరు, అండర్‌టోన్ వేరు

చామనచాయ, నలుపు, తెలుపు అని మనం చెప్పుకునేది రంగు ఎంత ముదురో, ఎంత లేతో మాత్రమే. ఆ రంగు అడుగున ఇంకో ఛాయ దాగి ఉంటుంది, అదే అండర్‌టోన్. పసిమి అంటామే, ఆ బంగారు పచ్చదనం ఒకరికి ఉంటుంది. ఇంకొకరికి కాస్త ఎరుపు. కొందరికి పచ్చికాయ లాంటి లేత ఆకుపచ్చ ఛాయ, దాన్నే ఆలివ్ అంటారు. పసిమి, ఎరుపు రెండూ అంతంతమాత్రంగా ఉంటే న్యూట్రల్. ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒకే చామనచాయలో ఉన్నా ఒకరి ఫౌండేషన్ ఇంకొకరికి బూడిద పూసినట్టు కనిపించడానికి కారణం ఈ తేడానే.

మణికట్టు నరాలు నీలంగా ఉన్నాయా, ఆకుపచ్చగా ఉన్నాయా చూసుకోమని అందరూ చెబుతారు. మన చర్మాల మీద ఆ పరీక్ష సరిగ్గా పనిచేయదు. ముదురు ఛాయలో నరాలు కనపడటమే కష్టం. బంగారం నప్పుతుందా వెండి నప్పుతుందా అన్న పరీక్ష ఇంకా దండగ. పుట్టినప్పట్నుంచి బంగారంతోనే చూసుకున్న ముఖానికి బంగారం నప్పలేదని ఎవరంటారు?

మూడు గీతల పద్ధతి ఒక్కటే నాకు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. అది షాపులో చేసేది.

3. షాపులో మూడు గీతలు

మీ ఛాయకి దగ్గరగా అనిపించిన షేడ్లు మూడు తీసుకోండి: ఒకటి పచ్చదనం ఉన్నది, ఒకటి న్యూట్రల్, ఒకటి కాస్త ఎరుపు కలిసింది. దవడ ఎముక మీదుగా, సగం బుగ్గ మీద సగం మెడ మీద పడేలా, మూడు నిలువు గీతలు గీయండి. చేతి వెనకో, మణికట్టు మీదో వద్దు. చేతి రంగు ముఖం రంగు ఎప్పుడూ కాదు. కౌంటర్‌లో నేరుగా చేతి మీద రాసేస్తుంటారు, "ఇక్కడ పెట్టండి" అని దవడ చూపించడానికి మొహమాటపడకండి.

ఇంకో మాట. టెస్టర్ సీసా మూతికి ఎంతమంది వేళ్లు తగిలి ఉంటాయో తెలియదు. ఇయర్ బడ్ గానీ, వాడి పారేసే చిన్న పుల్ల గానీ అడిగి దాంతోనే తీసుకోండి. ముఖం మీద పొక్కులు, గాట్లు ఉన్న రోజు టెస్టర్ జోలికి వెళ్లకండి.

గీతలు గీశాక షాపులో ఉండకండి. బయటికి రండి, టీ తాగండి, ఇరవై నిమిషాలు తిరగండి. తర్వాత పగటి వెలుగులో చూసుకోండి. షాపు దీపాల కింద పసుపు బల్బైతే అన్నీ వెచ్చగా, తెల్ల ఎల్‌ఈడీ అయితే అన్నీ పాలిపోయినట్టు కనిపిస్తాయి. రాత్రి ఏడింటికి షేడ్ చూసుకోవడానికి వెళ్లేకంటే వెళ్లకపోవడం నయం.

ఏ గీత చర్మంలో కలిసిపోయి వెతుక్కోవలసి వస్తుందో అది మీది. గీత బూడిద రంగులోకి తిరిగితే ఆ షేడ్ మీకు మరీ లేతదై ఉండాలి, లేదంటే దాంట్లో గులాబీ ఛాయ ఎక్కువై ఉండాలి. నారింజ రంగులోకి తిరిగితే ఎరుపు ఎక్కువైందన్నమాట. ఏది పెట్టినా అయితే గులాబీగా, లేకపోతే నారింజగా కనిపిస్తోందంటే మీది ఆలివ్ కావచ్చు. అలాంటివాళ్లు పచ్చదనం ఎక్కువ, ఎరుపు తక్కువ ఉన్న షేడ్లు వెతుక్కోవాలి.

ఇరవై నిమిషాలు ఎందుకంటే, చాలా ఫౌండేషన్లు ఆరాక ఒక ఛాయ ముదురుతాయి. దీన్ని "ఆక్సిడైజ్ అయింది" అనడం అందరికీ అలవాటు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. ఫౌండేషన్‌కి రంగునిచ్చే ఎర్రటి, పచ్చటి ఐరన్ ఆక్సైడ్లు ఒకరకంగా అప్పటికే తుప్పు పట్టిన ఇనుము, కొత్తగా తుప్పు పట్టడానికి వాటిలో పెద్దగా ఏమీ మిగలదు. నిజంగా జరిగేది ఇంకొకటి. త్వరగా ఆవిరైపోయే నీరు, పలుచని సిలికోన్లు పోయాక రంగు పొడి దగ్గరగా చేరి చిక్కబడుతుంది. పైగా మన చర్మం జిడ్డు దాన్ని తడుపుతుంది. పొడి కుంకుమలో నూనె చుక్క పడితే ముదురుగా కనిపించినట్టే ఇదీ. అందుకే ఒకే సీసా జిడ్డు చర్మం మీద ముదిరి, పొడి చర్మం మీద ముదరకపోవచ్చు. పక్కింటావిడ చెప్పిన షేడ్ మీకు కలవకపోవడానికి ఇదీ ఒక కారణం.

షేడ్ పేర్లను నమ్మి కొనకండి. మ్యాక్ అనే మేకప్ కంపెనీ వాళ్ల పద్ధతే చూడండి. ఎన్‌సీ అంటే న్యూట్రల్ కూల్, ఎన్‌డబ్ల్యూ అంటే న్యూట్రల్ వార్మ్. మామూలుగా పసిమి ఛాయని వార్మ్ అని, గులాబీ ఛాయని కూల్ అని అంటారు కాబట్టి, పేరు చూస్తే పసిమి ఛాయ వాళ్లు వార్మ్ తీసుకోవాలనిపిస్తుంది. అక్కడ మాత్రం లెక్క తిరగబడి ఉంటుంది: పసుపు ఛాయ చర్మాలకి ఎన్‌సీ, గులాబీ ఛాయకి ఎన్‌డబ్ల్యూ. మనవాళ్లలో ఎన్‌సీ 40, 42 అని ఎక్కువగా వినపడేది అందుకే. ఒక కంపెనీ "న్యాచురల్ బేజ్" ఇంకో కంపెనీ "న్యాచురల్ బేజ్" కాదు. పేరు పక్కనపెట్టి గీతనే చూడండి.

షేడ్లు ఎన్ని ఉన్నాయన్న లెక్క కూడా మోసపుచ్చుతుంది. 2017లో ఫెంటీ బ్యూటీ ఒకేసారి 40 షేడ్లతో వచ్చాక మిగతా కంపెనీలూ అంకెలు పెంచడం మొదలుపెట్టాయి. కంపెనీ 40 చేసినా మీ ఊరి షాపులో పెట్టేది పది కావచ్చు, ఆ పదిలో ఏడు లేతవే కావచ్చు. మీ షేడ్‌కి ఒక మెట్టు పైనా, ఒక మెట్టు కిందా కూడా ఆ షాపులో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఉన్నదాన్నే "మీదే" అని అంటగడతారు.

4. డబ్బా మీద రాసింది

ఇక్కడ ఎక్కువసేపు పట్టదు. మన దేశంలో 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్స్ నంబరు, ఎప్పటిలోగా వాడాలన్నది ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఎంత పెద్ద పేరున్న డబ్బా అయినా, ఎంత చవకగా ఇస్తున్నా, ఇవి లేకపోతే వదిలేయండి. నకిలీ సరుకు ముందుగా దొరికిపోయేది ఇక్కడే.

మూత తెరిచిన చిన్న డబ్బా బొమ్మ, అందులో 6 ఎం, 12 ఎం అని ఉంటుంది. సీల్ తీశాక ఎన్ని నెలలు వాడొచ్చో అది చెబుతుంది. తీసిన తేదీని సీసా అడుగున చిన్న స్టికర్ మీద రాసుకోండి.

పదార్థాల జాబితాలో మొదట వచ్చేవి ఎక్కువ మోతాదులో ఉన్నవి. మొదటి నాలుగైదు పేర్లలో డైమెథికోన్, సైక్లోపెంటాసిలోక్సేన్ లాంటివి ఉంటే, మొట్టమొదట నీరు అని రాసి ఉన్నా, అది సిలికోన్ స్వభావం ఉన్న ఫౌండేషనే. దాని కింద నీటి స్వభావం ఉన్న ప్రైమర్ (ఫౌండేషన్‌కి ముందు రాసే పూత) రాస్తే కొన్నిసార్లు రెండూ పొసగక ముఖం మీద నలుగుపిండిలా ఉండలు ఉండలుగా రాలుతుంది. కింద ఏమి రాస్తారో పైన అలాంటిదే రాయండి. చివర్లో ఉండే అంకెలు రంగులవి: 77891 తెల్లటి టైటానియం డయాక్సైడ్, 77491 ఎర్రటి ఐరన్ ఆక్సైడ్, 77492 పచ్చటిది, 77499 నల్లటిది. హైలైటర్ మీద కనిపించే 77019 మెరుపునిచ్చే మైకా.

"ఎస్‌పీఎఫ్ ఉంది కదా, సన్‌స్క్రీన్ ఎందుకు" అని అడుగుతారు. ల్యాబ్‌లో ఆ అంకె (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పేది) తేల్చేటప్పుడు చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు పూస్తారు. అంత మందంగా ఫౌండేషన్ పూస్తే మనం యక్షగానానికి వెళ్లాల్సిందే. సన్‌స్క్రీన్ విడిగా రాసుకోండి. ఫౌండేషన్‌కి మార్కులు వేసేటప్పుడు ఎస్‌పీఎఫ్‌కి మార్కులు వద్దు.

5. ఒక నిండు పగలు

షేడ్ కలిసింది. ఇక అది నిలబడుతుందా లేదా చూడాలి. కొనే ముందు చిన్న డబ్బాలోకి నమూనా ఇస్తారేమో అడగండి. కొన్నిచోట్ల ఇస్తారు. లేకపోతే చిన్న సైజు ట్యూబ్ కొనండి. ముందు చెవి వెనకో, మోచేతి లోపలో కొంచెం రాసి రెండు రోజులు చూడండి. దురద, ఎరుపు లేకపోతేనే ముఖం మీదికి రండి.

సెలవు రోజు పెట్టుకోకండి. మామూలుగా మీరు పనికి వెళ్లే రోజు, బస్సెక్కే రోజు పెట్టుకోండి. ఎప్పుడూ రాసే మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ రాసి పది నిమిషాలు ఆగండి. కొత్త ఫౌండేషన్ ఒక సగానికి, ఇప్పటికే వాడుతున్నది రెండో సగానికి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లైతే రెండో సగం ఖాళీగా వదిలేయండి. రెండు షేడ్లూ దగ్గరవైతే ఎవరికీ తెలియదు, తెలిసినా మీకు పోయేదేం లేదు. పక్కపక్కన ఉంటేనే తేడా తెలుస్తుంది. విడివిడి రోజుల్లో చూస్తే ఆ రోజు ఎండ, ఆ రోజు నిద్ర, ఆ రోజు టెన్షన్ అన్నీ కలిసి లెక్క తప్పిస్తాయి.

మోతాదు శనగగింజంతతో మొదలుపెట్టండి. ఇంట్లో ఏది ఉందో దాంతోనే పూయండి, స్పాంజి అయితే స్పాంజి, వేళ్లైతే వేళ్లు. తడి స్పాంజి కొంత పీల్చేసుకుని పొర పలుచబరుస్తుంది, బ్రష్ మందంగా వేస్తుంది, వేళ్ల వేడికి చర్మంలో బాగా కలుస్తుంది. కౌంటర్‌లో ఖరీదైన బ్రష్‌తో వచ్చిన పనితనం ఇంట్లో వేళ్లతో రాకపోతే, ఆ ఫౌండేషన్ మీకు పనికొచ్చినట్టు కాదు.

కవరేజ్, అంటే మచ్చల్ని ఎంతవరకు కప్పుతుందో, చూడటానికి ఒక మంగు మచ్చను, ఒక పుట్టుమచ్చను గుర్తుపెట్టుకోండి. ఒక్క పొరకి మంగు సగం మాసి పుట్టుమచ్చ అలాగే కనపడితే మధ్యస్థం. పుట్టుమచ్చ కూడా మాయమైతే ఫుల్ కవరేజ్. రెండో పొర వేసినప్పుడు మొదటిది కదిలి ఖాళీలు పడుతోందా చూడండి. ఈ ఒక్క చోట చాలా "లాంగ్ వేర్" సరుకులు చేతులెత్తేస్తాయి, ఎందుకంటే అవి గబగబా ఆరిపోతాయి.

ఆ తర్వాత అద్దం చూసుకోవలసిన వేళలు: పూసిన వెంటనే, ఇరవై నిమిషాలకి, రెండు గంటలకి, భోజనం అయ్యాక, సాయంత్రం ఇంటికి రాగానే. మధ్యలో పౌడర్ దిద్దుకోవద్దు. చూడాల్సిన చోట్లు ఇవి: ముక్కు రెక్కల పక్కన, నవ్వితే పడే గీతల్లో, పై పెదవి మీద, గడ్డం మీద, కళ్లజోడు ఆనే చోట. ఇంకొకటి ఏ ఇంగ్లీషు వీడియోలోనూ చెప్పరు. బొట్టు పెట్టే చోటు. స్టికర్ బొట్టు తీసినప్పుడు దాంతోపాటు ఫౌండేషన్ గుండ్రంగా లేచి వస్తోందా? కుంకుమ పెడితే అంచులు చుట్టూ పాకుతున్నాయా? రోజూ బొట్టు పెట్టుకునేవాళ్లకి పదహారు గంటలు నిలుస్తుందన్న ప్రకటన కంటే ఇది ముఖ్యం.

చెమట వేరు, జిడ్డు వేరు. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నది చెమటకి నిలబడొచ్చు, జిడ్డుకి కరిగిపోవచ్చు. రెంటినీ విడిగా చూడాలి. చెమట కోసం ఇరవై నిమిషాలు పొయ్యి దగ్గర నిలబడి దోసెలు పొయ్యండి. తర్వాత ముఖం తుడవకుండా టిష్యూ అద్దండి. కాగితానికి తడి మాత్రమే అంటితే మంచిదే, రంగు అంటితే చారలు కడుతుందని అర్థం. జిడ్డుకి నాలుగైదు గంటల తర్వాత ముక్కు మీద ఇంకో టిష్యూ. తెల్ల చేతిరుమాలుతో దవడ దగ్గర ఒకసారి నొక్కి చూస్తే పట్టుచీర జాకెట్ మెడకి అంటుతుందో లేదో కూడా తేలిపోతుంది.

విశాఖలోనో, కాకినాడలోనో ఉండేవాళ్లకి గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. అక్కడ తడి మెరుపు ఉండే డ్యూయీ ఫౌండేషన్ మధ్యాహ్నానికే నూనె పోసినట్టవుతుంది. అదే సీసా డిసెంబరులో హైదరాబాద్ పొడిగాలికి అద్భుతంగా ఉంటుంది. రెంటచింతల ఎండల్లో దేనికీ గ్యారంటీ లేదు. ఊరు మారితే, కాలం మారితే పరీక్ష మళ్లీ చెయ్యాలి.

పెళ్లి కోసమైతే ఇంకా కష్టమైన పరీక్ష. హోమం ఎదుట గంటసేపు పొగ, వేడి. నెత్తిన జీలకర్ర బెల్లం, దాని నీళ్లు నుదుటి మీదికి కారడం. తలంబ్రాల పసుపు బియ్యం. ముఖం మీద తడి మెరుపు ఉంటే బియ్యం గింజలు అంటుకుని కూర్చుంటాయి, ఫోటోగ్రాఫర్ వాటిని తీయమని సైగలు చేస్తూ ఉంటాడు. ఆ రోజుకి ఆరిన తర్వాత వేలికి అంటని రకమే మంచిది. మెరుపు కావాలంటే దానికోసం హైలైటర్ ఉంది.

6. చీకటి గదిలో ఒక ఫోటో

రాత్రి దీపాలు ఆర్పేసి, ఫ్లాష్ వేసి, వెనక కెమెరాతో ఎవరిచేతైనా ఒక ఫోటో తీయించుకోండి. ముందు కెమెరాలో చాలా ఫోన్లు అడగకుండానే చర్మం నున్నగా చేసేస్తాయి, ఆ ఫోటోతో ఏమీ తేలదు. ఫ్లాష్ ఫోటోలో ముఖం తెల్లగా, మెడ మామూలుగా వస్తే దాన్ని ఫ్లాష్‌బ్యాక్ అంటారు. టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ ఎక్కువగా ఉన్నవి, పైన దట్టంగా వేసిన సిలికా పౌడర్లు వెలుగుని తిప్పి కెమెరాకే కొట్టడం వల్ల ఇలా అవుతుంది. కంటికి కనపడదు కాబట్టి ఫోటో తప్ప వేరే దారి లేదు. ఫౌండేషన్ మాత్రమే రాసి ఒకటి, పౌడర్ కూడా వేసి ఒకటి తీస్తే తప్పు దేనిదో తెలుస్తుంది. రోజూ ఆఫీసుకి వెళ్లడానికే అయితే ఈ మెట్టు వదిలేయొచ్చు.

7. హైలైటర్: కాకిబంగారం పరీక్ష

హైలైటర్‌లో మెరిసేది ఎక్కువగా మైకా, అంటే అభ్రకం. మనవాళ్లు దాన్ని కాకిబంగారం అన్నారు. గూడూరు, సైదాపురం చుట్టుపక్కల పెరిగినవాళ్లకి దాని గురించి చెప్పక్కర్లేదు, నెల్లూరు ప్రాంతపు అభ్రకం గనులు అక్కడివే. పొరలు పొరలుగా ఊడే ఆ రాయిని మెత్తని పలుకులు చేసి, ఒక్కో పలుకు మీద టైటానియం డయాక్సైడ్ పలుచని పూత వేస్తారు. పూత మందాన్ని బట్టి అది వెండిలా, బంగారంలా, గులాబీగా వెలుగు విసురుతుంది. జార్ఖండ్, బిహార్ అభ్రకం గనుల్లో పసిపిల్లల చేత పని చేయిస్తున్నారన్న సంగతి బయటికొచ్చాక కొన్ని కంపెనీలు ఫ్యాక్టరీలో తయారైన మైకాకి మారాయి. జాబితాలో సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్ అని ఉంటే అదే.

షాపులో వేలితో గట్టిగా రుద్ది చేతి మీద రాస్తే ప్రతి హైలైటరూ కరిగించిన లోహంలా మెరుస్తుంది. ఆ మెరుపు ముఖం మీదికి రాదు. బ్రష్‌తో ఒక్కసారి అద్ది, ఎక్కువ పొడి దులిపి, చెంప ఎముక మీద పెట్టి చూడండి.

మొదట అద్దంలోకి తిన్నగా చూడండి. ఏమీ కనపడకూడదు. తర్వాత తల కొంచెం తిప్పండి. అప్పుడు చెంప వెలగాలి. తిన్నగా చూస్తున్నప్పుడే తెల్లటి మరకో, బూడిద పట్టీయో కనపడితే దాని అడుగు రంగు మీ చర్మం కంటే లేతది. ఐసీ, పెర్ల్ అని పేర్లున్న వెండి రకాలు లేత చర్మానికి తయారైనవి. చామనచాయ మీద అవి విబూది పెట్టినట్టు ఉంటాయి. మధ్యరకం ఛాయకి షాంపేన్, పీచ్, లేత బంగారం, ముదురు ఛాయకి రాగి, కాంస్యం, ముదురు బంగారం రంగులతో మొదలుపెట్టండి. బాగా నల్లని చర్మం మీద రాగి రంగు హైలైటర్ వెలిగినట్టు తెల్లని చర్మం మీద ఏదీ వెలగదని నా అభిప్రాయం. ఈ విషయంలో వాదనకి సిద్ధం.

తర్వాత పలుకుల సైజు. రెండు వేళ్ల మధ్య నలపండి. గరుకు తగలకూడదు. కిటికీ దగ్గర చూస్తే వెలుగు ఒక పొరలా ఉందా, చుక్కలు చుక్కలుగా మిణుకుమంటోందా? పలుకు చిన్నదైతే పట్టుగుడ్డ మెరుపు, పెద్దదైతే తళుకుపొడి. వినాయక చవితి మండపానికి తళుకుపొడి బాగుంటుంది. పగటిపూట చెంప మీద అది రంధ్రాలన్నిటినీ లెక్కపెట్టి చూపిస్తుంది. మొటిమల గుంతలు, ఎత్తుపల్లాలు ఉన్నచోట ఏ హైలైటర్ పెట్టినా అవి రెట్టింపుగా కనిపిస్తాయి. అలాంటివాళ్లు చెంప ఎముక పైఅంచుకి, దాదాపు కణతల దగ్గరికి జరిపి చూడండి.

గంట తర్వాత కళ్ల కింద, ముక్కు పక్కన చూడండి. అక్కడ మెరుపు రాలి ఉంటే ఆ పొడిని పట్టి ఉంచే బంధం సరిగ్గా లేదు. లిక్విడ్ రకాన్ని పౌడర్ వేసిన తర్వాత రుద్దితే కింది ఫౌండేషన్ లేచిపోతుంది. అది సరుకు లోపం అనుకోవద్దు. లిక్విడ్ ముందు, పౌడర్ తర్వాత, పొడి హైలైటర్ అన్నిటికన్నా చివర. ఈ వరుసలో చేసినా ఫౌండేషన్ లేచి అతుకులు పడితే అప్పుడు మార్కులు తీసేయండి.

కొన్నాళ్లకి పొడి హైలైటర్ మీద గట్టి పొర కట్టి రంగు రాకుండా పోతుంది. వేళ్ల జిడ్డు వల్ల అది. మామూలు సెల్లోటేప్ అద్ది లాగితే ఆ పొర ఊడి వస్తుంది. పారేయకండి.

8. డబ్బు లెక్క

ధర కాదు, మిల్లీలీటరు ధర చూడండి. ఉదాహరణకి 30 మిల్లీలీటర్ల సీసా 600 రూపాయలైతే మిల్లీలీటరుకి 20. 18 మిల్లీలీటర్ల ట్యూబ్ 400 అయితే 22 దాటింది. చవక అనుకున్నదే ఖరీదైంది. కానీ నెలకి రెండుసార్లు రాసుకునేవాళ్లకి చిన్న ట్యూబే లాభం, పెద్ద సీసా గడువు దాటిపోయేలోగా సగం కూడా అవ్వదు. హైలైటర్ అయితే మనిషి జీవితంలో ఒక్కటి పూర్తి చెయ్యడం నేను చూడలేదు. చిన్నది కొనండి.

ఆన్‌లైన్‌లో కొనక తప్పకపోతే, మీకు ఇప్పటికే కచ్చితంగా కలిసిన ఒక షేడ్‌ని వాడే రివ్యూయర్‌ని వెతకండి. ఆమె కొత్త దాంట్లో ఏ షేడ్ వాడిందో అదే మీకూ దగ్గరగా ఉంటుంది. రింగ్ లైట్ ముందు తీసిన వీడియో పక్కనపెట్టి, కారులోనో బాల్కనీలోనో తీసిన క్లిప్ ఉంటే అది చూడండి. తెరిచిన సరుకు వెనక్కి తీసుకుంటారో లేదో ముందే చదువుకోండి.

9. ఆ రాత్రి, ఆ తర్వాత మూడు రోజులు

తీసేటప్పుడు కూడా పరీక్షే. కొబ్బరినూనెతోనో, మీరు వాడే క్లెన్సర్‌తోనో ఎప్పటిలాగే కడుక్కుని, తర్వాత తడి దూదితో దవడ కింద, చెవి ముందు, వెంట్రుకల మొదళ్లలో తుడవండి. రెండో దూదికి కూడా రంగు వస్తుంటే, రోజూ రాత్రి మీరు దానికి ఎంత సమయం పెట్టగలరో ఆలోచించుకోండి. అలసిపోయి ఇంటికొచ్చిన రోజు అది మొహం మీదే ఉండిపోతుంది.

మూడు రోజులు బుగ్గలు, నుదురు గమనించండి. కొత్తగా చిన్న చిన్న గింజల్లాంటి పొక్కులు వస్తే ఆపేసి, అవి తగ్గాక ఇంకోసారి రాసి చూడండి. రెండోసారి కూడా వస్తే ఆ సీసా మీది కాదు. పంపు ఉన్న సీసా అయితే ఇంట్లో ఇంకెవరికైనా ఇవ్వొచ్చు, వేలు పెట్టి తీసే డబ్బా అయితే వద్దు. నా దగ్గర అలా మిగిలిన, రెండు షేడ్లు లేతదైన ఒక సీసాని మా చెల్లెలు తన ముదురు షేడ్‌లో కలిపి ఇప్పుడు చలికాలం వాడుకుంటోంది. ఎండాకాలం వచ్చేసరికి ఆమెకీ లేతదవుతుంది.